పెంచలకోన వాగులో మీ పాపకు దొరికింది సాలమాండర్ కాదు. అసలు కొండవాగు సాలమాండర్ కథ ఇదీ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మొన్న ఆదివారం పిల్లలతో పెంచలకోన వెళ్లారు. గుడి దాటి వాగు వెంట పైకి నడుస్తుంటే, రాళ్ల మధ్య మడుగులో మీ పాపకు ఒక చిన్న ప్రాణి కనిపించింది. నాలుగు కాళ్లు, పొడుగాటి తోక. బల్లిలా ఉంది గానీ ఒంటి మీద పొలుసులు లేవు, చర్మం నున్నగా తడిగా ఉంది. ఫోటో తీసి యాప్‌లో పెడితే 'కొండవాగు సాలమాండర్' అని వచ్చింది. అది విషప్రాణా, మన వెలిగొండల్లో సాలమాండర్లు ఉన్నాయా, ఉంటే వాటి సంగతులేమిటి అని అడిగారు. పాప దాన్ని నీళ్ల బాటిల్‌లో నెల్లూరు దాకా తెచ్చేసిందని చివర్లో ఒక్క ముక్క రాశారు.

ముందు ఆ బాటిల్ సంగతి చూడండమ్మా, మిగతాది నెమ్మదిగా చదువుకోవచ్చు. ఒక వెడల్పాటి పళ్లెంలో బాటిల్‌లో ఉన్న కోన నీళ్లే పోయండి. వేలి కణుపు మునిగేంత లోతు చాలు. ఒక పక్కన నీళ్ల పైకి తేలేలా చదునైన రాయి పెట్టండి. చాలకపోతే వాన నీళ్లు కలపండి గానీ కొళాయి నీళ్లు వద్దు, అందులో కలిపే క్లోరిన్ ఈ చర్మానికి పడదు. ఆ ప్రాణికి ఇప్పుడు మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిచేసే సమయం. ఎక్కి కూర్చోడానికి గట్టు లేకపోతే, పుట్టి పెరిగిన నీళ్లలోనే మునిగి చచ్చిపోతుంది. తిండి గురించి టెన్షన్ పడకండి, ఈ రోజుల్లో అది ఏమీ తినదు. విషం భయం కూడా అక్కర్లేదు. ముట్టుకున్న చేతులు కళ్లకు తగలకుండా సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. వీలైనంత త్వరగా దాన్ని దొరికిన మడుగులోనే వదిలేయండి, వేరే నీళ్లలో వదలొద్దు.

ఇక ఫోటో. మన జిల్లాలోనే డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెప్పాను. ప్రతి ఏడూ చలికాలంలో వాళ్లను పెంచలకోన తీసుకెళ్లేవాణ్ని. మీ పాప వేసిన ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు వేసేవాళ్లు, కాబట్టి పాప పొరబడిందని నవ్వకండి. నాలుగు కాళ్లు, తోక, తడి చర్మం ఒకచోట కలిస్తే సాలమాండర్ అనుకోవడం సహజమే. యాప్ కూడా అక్కడే పడిపోయింది.

మీరు తీసింది కప్పగా మారుతున్న తోకకప్ప. ఎంత నమ్మకంగా చెబుతున్నానో మీరు కూడా ఫోటో పెద్దది చేసి చూసుకోవచ్చు. మొదట కాళ్ల సంగతి చూడండి. వెనక కాళ్లు ముందు కాళ్లకన్నా చాలా పొడవు, బలం. మోకాలి దగ్గర మడిచి ఒంటికి ఆనించి పెట్టుకుంది. సాలమాండర్‌కు నాలుగు కాళ్లూ ఇంచుమించు ఒకే పొడవు, పక్కలకు చాపి ఉంటాయి. తర్వాత తోక. మీ ఫోటోలో తోక నడుము దగ్గర ఒక్కసారిగా సన్నబడింది, వేరేదాన్ని తెచ్చి అతికించినట్టుంది. సాలమాండర్ తోక అలా ఉండదు. నడుమే మెల్లగా సన్నబడుతూ తోకగా మారుతుంది, ఎక్కడ ఒళ్లు అయిపోయి ఎక్కడ తోక మొదలైందో చెప్పడం కష్టం. పక్కటెముకల వెంట అడ్డంగా సన్నటి గాడులు కూడా కనిపిస్తాయి. వేళ్లు లెక్కపెడితే మాత్రం లాభం లేదు. కప్పకూ సాలమాండర్‌కూ రెంటికీ ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు అయిదేసి వేళ్లు. బల్లి అవునో కాదో తేల్చడానికి ఆ లెక్క పనికొస్తుంది. బల్లికి ముందు కాళ్లకూ అయిదు వేళ్లే, చివర గోళ్లు ఉంటాయి.

పిల్ల దశలో ఇంకో తేడా ఉంది, క్లాసులో నాకు చాలా ఇష్టమైన పాఠం అది. కప్పపిల్లకు మొదట బయటికి కనిపించేవి వెనక కాళ్లు. ముందు కాళ్లు లోపల చర్మం కింద పెరిగి, తోక కరగబోయే ముందు ఒక్కసారిగా బయటపడతాయి. సాలమాండర్ పిల్లకు ముందు కాళ్లే మొదట వస్తాయి, వెనకవి తర్వాత. పైగా దానికి మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి ఎర్రటి మొప్పలు బయటికే వేలాడుతుంటాయి. కప్పపిల్ల మొప్పలు త్వరలోనే చర్మం కిందికి వెళ్లిపోతాయి. మీ ఫోటోలో మొప్పల జాడ లేదు.

ఏ రకం కప్ప అన్నది మాత్రం ఈ వయసులో ఫోటో చూసి తేల్చే పని కాదు.

మన కొండల్లో సాలమాండర్లు ఉన్నాయా అన్నది రెండో ప్రశ్న. లేవు. వెలిగొండల్లో లేవు, నల్లమలలో లేవు, శేషాచలంలో లేవు. అసలు దక్షిణ భారతం మొత్తంలోనే ఒక్కటి కూడా లేదు. ఉభయచరాల్లో మూడు వర్గాలు: కప్పలు, సాలమాండర్లు, కాళ్లు లేకుండా వానపాముల్లా ఉండే సిసీలియన్లు. దక్షిణ భారతంలో మొదటివీ చివరివీ ఉన్నాయి, మధ్యవి లేవు. ప్రపంచంలో 800కు పైగా సాలమాండర్ జాతులు ఉంటే, దాదాపు అన్నీ ఉత్తరార్ధగోళంలోనే: ఉత్తర అమెరికా, యూరప్, చైనా, జపాన్, కొరియా. అక్కడి నుంచి దిగువకు దిగింది ఒక్క దక్షిణ అమెరికాలోకే. ఆస్ట్రేలియాలో లేవు, సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో లేవు. ఎందుకంటే సాలమాండర్లు పుట్టి పెరిగింది ఉత్తర ఖండాల్లో. మన భూభాగం దక్షిణ ఖండాల నుంచి విడిపోయి, సముద్రం మీద ఒంటరిగా సాగి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట వచ్చి ఆసియాను తాకింది. ఆ తర్వాత ఉత్తరం నుంచి దారి తెరుచుకున్నా, చల్లదనం కోరుకునే ఈ జంతువులు ఈశాన్య కొండల దగ్గరే ఆగిపోయాయి. డార్జిలింగ్ కొండల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఒంటి మీద బుడిపెల వరసలున్న సాలమాండర్లు ఉన్నాయి. డార్జిలింగ్, నేపాల్ వైపుదాన్ని వేరే జాతిగా గుర్తించింది ఈ మధ్యనే, 2015లో. కానీ అవి కూడా వాగువి కావు. కొండ మీద నిలవనీటి కుంటల్లో గుడ్లు పెట్టుకుంటాయి. పారే కొండనీళ్లలో బతికే సాలమాండర్లలో మనకు దగ్గరవాటిని వెతికితే కాబూల్ పక్కన పగ్మాన్ కొండల్లో ఒకటి ఉంది. సముద్రమట్టానికి 2,400 మీటర్లకు పైన, మంచు కరిగి వచ్చే వాగుల్లో మాత్రమే ఉంటుంది. భూమ్మీద అదొక్కచోటే ఉంది, ఎప్పుడు తుడిచిపెట్టుకుపోతుందో అన్న స్థితిలో ఉంది.

నేను కళ్లారా చూసింది మాత్రం అమెరికాలో. మా అబ్బాయి నార్త్ కరోలినాలో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు, అందరూ షాపింగ్‌కు వెళదామంటే నేను పట్టుబట్టి గ్రేట్ స్మోకీ కొండలకు తీసుకెళ్లమన్నాను. ఆ ఒక్క జాతీయ పార్కులోనే సుమారు 30 రకాల సాలమాండర్లు ఉన్నాయి, అందుకే దాన్ని సాలమాండర్ల రాజధాని అంటారు. నాకు చూడాలని ఉన్నది వాటిలో ఒకటే, స్ప్రింగ్ సాలమాండర్. మన భాషలో ఊటవాగు సాలమాండర్ అనుకోవచ్చు. శాస్త్రనామం గైరినోఫిలస్ పోర్ఫిరిటికస్. 1827లో జేకబ్ గ్రీన్ అనే ఆయన దాన్ని లోకానికి పరిచయం చేశాడు. కెనడా సరిహద్దు నుంచి అలబామా దాకా, అమెరికా తూర్పు వైపున్న అపలాచియన్ కొండల వెంట బతుకుతుంది.

వాన వెలిసిన రాత్రి. టార్చి పట్టుకుని ఒక ఊట పక్కన నిలబడ్డాం. ఊట అంటే పెద్ద జలపాతం అనుకోకండి. కొండ పక్కన రాళ్ల సందుల్లోంచి చేతి మణికట్టంత లావున నీళ్లు వస్తున్నాయి, అంతే. అరగంట దాకా ఏమీ లేదు. తర్వాత నాచు పట్టిన ఒక రాయి అంచు మీదికి అది తల పెట్టింది. తల, మెడ, ముందు కాళ్లు. అక్కడే ఆగిపోయింది. నారింజ కలిసిన గులాబీ రంగు ఒళ్లు, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. కంటి నుంచి ముక్కు దాకా తెల్లటి గీత, ఆ గీత కింద నల్లటి అంచు, కాటుక దిద్దినట్టు. ముక్కురంధ్రం నుంచి పెదవికి దిగే సన్నటి గాడి కూడా కనిపించింది. నేల మీది వాసనల తేమ ఆ గాడి గుండా ముక్కులోకి ఎక్కుతుంది, దానితోనే అది దారినీ తిండినీ పసిగడుతుంది. మూతి నేలకు తాకించి, ఎత్తి, మళ్లీ తాకించి, రెండడుగులు వేసి రాయి అవతలికి జారిపోయింది. తోకతో కలిపి జానెడు కూడా లేదు. ఆ జాతి సాధారణంగా 12 నుంచి 19 సెంటీమీటర్లు పెరుగుతుంది, బాగా పెద్దవి 23 దాకా వస్తాయి. చూసింది నిమిషం లోపే. కానీ గొంతు దగ్గర చర్మం టపటప కొట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ గొంతు కొట్టుకోవడం ఎందుకంటే, ఈ జంతువుకు ఊపిరితిత్తులు లేవు. తప్పు రాయలేదమ్మా, అసలే లేవు. పెద్దయ్యాక కూడా రావు. చర్మం గుండా, నోటి లోపలి పొర గుండా గాలి పీల్చుకుంటుంది. చర్మం కిందనే సన్నటి రక్తనాళాల వల పరుచుకుని ఉంటుంది. తడిలో కరిగిన ఆక్సిజన్ నేరుగా రక్తంలోకి దిగుతుంది. చర్మం ఆరిపోతే ఊపిరి ఆగిపోతుంది. ప్రపంచంలోని సాలమాండర్ జాతుల్లో సగానికి పైగా ఈ ఊపిరితిత్తులు లేని కుటుంబానివే కాబట్టి ఇదేదో ప్రకృతి చేసిన పొరపాటు అనుకోకూడదు. ఎందుకు పోగొట్టుకున్నాయి అన్నదాని మీద శతాబ్దంగా చర్చ నడుస్తోంది. 1920లో వైల్డర్, డన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. వేగంగా పారే కొండవాగులో ఊపిరితిత్తులు గాలి నింపిన బెలూన్ల లాంటివి, జంతువును పైకి తేల్చి ప్రవాహానికి అప్పగిస్తాయి, అవి లేనివాడే అడుగున రాయి పట్టుకుని నిలబడగలడు అని. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ వాగు పక్కన నిలబడి చూశాక ఆ వాదంలో బలం ఉందనిపించింది. ఈ మధ్య తేలిన ఇంకో సంగతి మరీ అద్భుతం. ఈ కుటుంబం సాలమాండర్ల పిండంలో ఊపిరితిత్తి మొగ్గ తొడుగుతుంది, కొంత పెరుగుతుంది, తర్వాత కరిగిపోతుంది. పూర్వీకుల జ్ఞాపకం గుడ్డులో మెరిసి మాయమైపోతుందన్నమాట.

ఊపిరితిత్తులు లేకుండా బతకడం అన్ని నీళ్లలో కుదరదు. చల్లటి నీళ్లు ఎక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి, వేడెక్కేకొద్దీ వదిలేస్తాయి. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.5 దగ్గరికి పడిపోతుంది. అదే సమయంలో వేడికి ఒంట్లో ఖర్చు పెరిగి, జంతువుకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? మన కోనలో మే నెల మధ్యాహ్నం మడుగులో కాలు పెట్టి చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. పైగా అపలాచియన్ ఊటలకు ఒక గుణం ఉంది. భూమి లోపలి నుంచి వస్తాయి కాబట్టి ఎండాకాలం చల్లగానే ఉంటాయి, చలికాలం చుట్టూ మంచు కురిసినా గడ్డకట్టవు. అందుకే ఊటవాగు సాలమాండర్‌కు ఏడాది పొడవునా ఇల్లు ఖాళీ చేసే పని లేదు.

ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేకపోవడం. దాని బతుకంతా ఈ ఒక్క మాటలో ఉంది. వేసవిలో ఆడది నీళ్లలో మునిగి ఉన్న పెద్ద రాయి అడుగు భాగానికి గుడ్లను ఒక్కొక్కటిగా అతికిస్తుంది. పదుల సంఖ్యలో ఉంటాయి, పెద్ద ఆడదైతే వంద దాటొచ్చు. అతికించి వెళ్లిపోదు, పక్కనే ఉండి కాపలా కాస్తుంది. వేసవి చివర్లోనో ఆకురాలే కాలంలోనో పిల్లలు బయటికి వస్తాయి, ఒక్కోటి 2 సెంటీమీటర్లు. ఇక ఆ పిల్లలు ఈకల్లాంటి మొప్పలతో, నీళ్ల అడుగున గులకరాళ్ల సందుల్లో ఎన్నాళ్లు ఉంటాయో తెలుసా? మూడేళ్ల నుంచి అయిదేళ్లు, చాలాచోట్ల నాలుగేళ్ల దాకా. పురుగులు, చిన్న రొయ్యల్లాంటివి, వానపాములు తింటూ పెరుగుతాయి. తర్వాత మొప్పలు పోగొట్టుకుని పెద్ద రూపానికి వస్తాయి. దాని దాయాదుల్లో ఒకటి టెనసీ గుహల్లో చీకటి వాగుల్లో ఉంటుంది. అది మారడం చాలా అరుదు. జీవితమంతా మొప్పలతోనే పిల్లలాగే ఉండి, ఆ రూపంలోనే పిల్లల్ని కంటుంది. గుహ వాగు ఎప్పుడూ ఎండదు, బయట తినడానికి ఏమీ లేదు, ఇంక నేల మీదికి రావాల్సిన అవసరం ఏముంది?

ఇప్పుడు మీ పళ్లెంలో ఉన్నదాన్ని చూడండి. పెంచలకోన వాగుకు నీళ్లు వచ్చేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. వాయుగుండం పట్టిందంటే రాత్రికి రాత్రే రాళ్లు దొర్లించే వరద. సంక్రాంతి దాటాక సన్నబడుతుంది. స్వామి బ్రహ్మోత్సవాలు జరిగే వైశాఖం నాటికి, నేను వెళ్లిన చాలా ఏళ్లలో, పైన అక్కడక్కడా మడుగులే మిగిలేవి. ఆ మడుగులో నాలుగేళ్ల బాల్యం గడుపుతానంటే కుదురుతుందా? అందుకే మన కప్పలు వేరే లెక్క నేర్చుకున్నాయి. మన దగ్గర చాలా రకాలకు గుడ్డు నుంచి కప్ప దాకా నెల, రెండు నెలలు. కొన్నిటికి అంతకన్నా తక్కువ. మిగతా ఏడాది బోదురు కప్పలు, మట్టిలో దాగే కప్పలు నేలలోకి దిగి, తేమ పట్టుకుని, మొదటి పెద్ద వాన కోసం కాచుకుంటాయి. ఆ వానకు మగ బోదురు కప్పలు నిమ్మపండు పసుపు రంగులోకి మారి, నీలం రంగు గొంతు సంచులు ఉబ్బించి అరవడం మీరు చూసే ఉంటారు. వాగుకు ఎన్నాళ్ల ఆయుష్షు ఉంటే పిల్లకు అన్నాళ్ల బాల్యం. అక్కడ నాలుగేళ్లు, ఇక్కడ నలభై రోజులు. మన కోనలో సాలమాండర్ ఎందుకు లేదన్న ప్రశ్నకు ఖండాల కథ సగం జవాబు. మిగతా సగం ఈ వాగే చెబుతుంది.

మళ్లీ ఊటవాగు దగ్గరికి వద్దాం. చిన్నపాటి శరీరమే గానీ అది ఆ వాగుకు పులి. పురుగులతో పాటు సాటి సాలమాండర్లను, ముఖ్యంగా తనకన్నా చిన్న జాతులవాటిని మింగేస్తుంది. దాన్ని తినేవీ ఉన్నాయి: నీటిపాములు, ట్రౌట్ చేపలు. చేపలు ఎక్కలేని చిన్న చిన్న ఊటల్లో పిల్లలు బాగా దక్కుతాయి. చేపలున్న దిగువ వాగులో రాళ్ల సందులే వాటికి కోట. అందుకే చెట్లు నరికి, రోడ్లు తవ్వి, మట్టి కొట్టుకొచ్చి ఆ సందులు పూడిపోతే సాలమాండర్లు తగ్గిపోతాయి. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, లోపల ఇళ్లు మాత్రం మూసుకుపోయి ఉంటాయి. పెంచలకోనలో స్నానాల చోట షాంపూ ప్యాకెట్లు, పాత బట్టలు రాళ్ల సందుల్లో ఇరుక్కుని ఉండటం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొచ్చి గుండె కలుక్కుమంటుంది. మన తోకకప్పలు దాక్కునేదీ ఆ సందుల్లోనే.

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక కొండవాగు ఉంది. ఆ వాగులో ఈ సాలమాండర్లను 1999 నుంచి 2010 దాకా ఏటా లెక్కపెట్టారు. పిల్లల సంఖ్య నిలకడగానే ఉంది, పెద్దవాటి సంఖ్య తగ్గుతూ వచ్చింది. అంటే పుట్టేవి పుడుతున్నాయి, పెద్దయ్యేలోపు ఎక్కడో పోతున్నాయి. ఎక్కడ? రూపం మారే ఆ కొద్ది కాలంలో. అక్కడ వర్షపాతం పెరిగిన ఏళ్లకూ ఈ తగ్గుదలకూ సంబంధం కనిపించింది. మొప్పలు పోతున్నాయి, కొత్త ఒళ్లు ఇంకా కుదురుకోలేదు, సరిగ్గా అప్పుడు వరద వస్తే రాయి పట్టుకుని నిలవడం కష్టం.

మీ పాప తెచ్చిన కప్పపిల్ల కూడా ఇప్పుడు ఉన్నది ఆ దశలోనే, అందుకే ఇంతసేపు చెప్పాను. అది ఎందుకు తినదో ఇప్పుడు చెబుతాను. తోకకప్పగా ఉన్నప్పుడు నాచు గీక్కుని తినడానికి దానికి కొమ్ముముక్కలాంటి చిన్న నోరు, చాలా పొడవైన చుట్టల పేగు ఉండేవి. కప్పయ్యాక పురుగులు పట్టాలంటే వెడల్పాటి నోరు, నాలుక, పొట్టి పేగు కావాలి. పాత నోరు ఊడిపోయింది, కొత్త నోరు ఇంకా తయారవుతోంది, పేగు కుంచించుకుంటోంది. ఈ కొద్ది రోజులూ తన తోకనే కరిగించుకుని బతుకుతుంది. తోక ఊడి పడిపోదు, లోపలికే ఇంకిపోతుంది. ఈదడానికి కాళ్లు అడ్డం, గెంతడానికి తోక అడ్డం. పాములకూ కొంగలకూ ఇవి సులువుగా దొరికేది అప్పుడే. పాప చేతికి దొరికిందీ అందుకే.

వేరే నీళ్లలో వదలొద్దు అన్నదానికి కారణం రోగాలు. ఉభయచరాల చర్మాన్ని తినే కైట్రిడ్ శిలీంధ్రాలు రెండు ఉన్నాయి. ఒకటి కప్పల్ని ప్రపంచమంతా చంపింది. రెండోది సాలమాండర్లది. నెదర్లాండ్స్‌లో నిప్పు సాలమాండర్లు ఉన్నట్టుండి మాయమైపోతుంటే 2013లో దాన్ని కనిపెట్టారు. పెంపుడు జంతువుల వ్యాపారంతో ఆసియా నుంచి అక్కడికి చేరిందని తేలింది. ఊపిరి తీసుకునేదే చర్మంతో అయినప్పుడు చర్మానికి రోగం వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అమెరికా భయపడి 2016లో 201 జాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపేసింది. ఒక్క ప్రాణిని ఒక నీటి నుంచి ఇంకో నీటికి మార్చడం చిన్న పనిగా కనిపిస్తుంది, కానీ దానితో పాటు ఆ నీళ్లూ ప్రయాణం చేస్తాయి. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం కాబట్టి అక్కడి ప్రాణుల్ని తీసుకురావడం చట్టరీత్యా కూడా తప్పే. పాపను తిట్టకండి, వదలడానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. ఆ పని తన చేత్తోనే చేయనివ్వండి.

వెళ్లినప్పుడు ఇంకో రెండు ప్రాణుల కోసం కళ్లు తెరిచి ఉంచండి, వీటినీ జనం సాలమాండర్లే అంటుంటారు. ఒకటి నలికిరి, ఎండుటాకుల్లో మెరుస్తూ జారిపోయేది. మెరుపు చూసి తడి అనుకుంటారు, నిజానికి అవి నున్నటి పొలుసులు. రెండోది బంగారు బల్లి. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ ప్రకృతి పరిశోధకుడు తిరుపతి కొండల నుంచి దీన్ని లోకానికి చూపించాడు. తూర్పు కనుమల్లో, నీళ్లు కారే రాతి చీలికల్లో, గుహల్లో ఉంటుంది. మగది పసుపు ముద్దలా ఉంటుంది. తడి రాళ్ల దగ్గర కనిపించేసరికి సాలమాండర్ అనిపించడంలో తప్పులేదు గానీ, వేళ్లు చూడండి, ముందు కాళ్లకూ అయిదుంటాయి. కనిపిస్తే దూరం నుంచే చూడండి, టార్చి మొహాన కొట్టకండి.

వదలడానికి రెండు రోజులు ఆలస్యమయ్యేలా ఉంటే ఒక పని చేయండి. ఈ రాత్రి పళ్లెం పక్కన స్కేలు పెట్టి, ముట్టుకోకుండా పైనుంచి ఒక ఫోటో తీయండి. రేపు రాత్రి అదే వేళకు మరొకటి. పాపను రెండు ఫోటోల్లోనూ తోక కొలవమనండి. సాలమాండర్ అయితే తోక అంతే ఉండాలి. నేను చెప్పినట్టు కప్పే అయితే ఒక్క రోజులోనే తోక కొలతలో తేడా తెలుస్తుంది, వెనక కాళ్లు మడిచి కూర్చునే తీరు రాయి మీద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండు ఫోటోలూ నాకు పంపండి.